తప్పును సహింపని యంత్రము: చార్లెస్ బాబేజి

సంవర్గమాన పట్టికను విప్పిన విద్యార్థి దానిలోని అంకెలను శంకింపడు. పూర్వకాలమున అట్లు కాదు. ఆ అంకెలను మనుష్యులే గణించి, చేతితో వ్రాసి, అచ్చుకు కూర్చెడివారు. ఆ మూడు చోట్లను తప్పులు దొరలుచుండెను. నడిసముద్రమున నావికుడు తన ఓడ యున్న తావును తెలిసికొనుటకు అట్టి పట్టికలనే నమ్ముకొనవలసియుండెను.

ఈ తప్పులతో జీవితాంతము పోరాడినవాడు చార్లెస్ బాబేజి. ఆయన 1791వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన లండనులో ఒక బ్యాంకు యజమానికి పుత్రుడై జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, 1828 మొదలు 1839 వరకు, ఒకప్పుడు న్యూటను అలంకరించిన గణితాచార్య పీఠమున నుండెను.

1821లో ఆయనయు, మిత్రుడు జాన్ హెర్షెలును ఖగోళ పట్టికలను సరిచూచుచుండగా తప్పు వెంట తప్పు బయల్పడెను. ఈ పనిని ఆవిరితో నడచు యంత్రమే చేసిన నెంత బాగుండునని బాబేజికి తోచెను. మరుసటి యేట ఒక చిన్న నమూనాను చేసి చూపెను. 1823లో ప్రభుత్వము ధనసహాయమున కంగీకరించెను. పండ్లచక్రములు తిరిగి అంకెలను కూడుటయే ఈ వ్యత్యాస యంత్రము పని. చక్రము రెండంకెల నడుమ నిలిచినచో యంత్రమంతయు బిగిసిపోవునట్లు ఆయన అమర్చెను. తప్పు ఫలితము నిచ్చుటకంటె ఆగిపోవుటయే మేలు గదా!

1827లో తండ్రియు, భార్య జార్జియానాయు మరణించిరి. 1833లో యంత్రశిల్పి క్లెమెంటుతో తగవు వచ్చి పని నిలిచిపోయెను. 1842లో ప్రభుత్వము చేయి విడిచెను. అప్పటికి సుమారు 17,000 పౌనులు వ్యయమైనవి. మంత్రుల విసుగునకు కారణము లేకపోలేదు. మొదటిది పూర్తికాకమునుపే బాబేజి మనస్సు మరియొక యంత్రముపైకి పోయియుండెను.

1834 నుండి ఆయన తలపోసిన ఆ విశ్లేషణ యంత్రమునకు రెండు భాగములు. సంఖ్యలను నిలువయుంచునది గిడ్డంగి. వానిని తెచ్చి లెక్కవేయునది మిల్లు. 50 అంకెల సంఖ్యలు 1,000 నిలువయుంచు గిడ్డంగిని ఆయన ఊహించెను. నేడు మనము కంప్యూటరు మెమరీ యనునది ఆ గిడ్డంగియే. దీని మహిమను 1843లో ఏడా లవ్‌లేస్ విపులముగా వివరించెను.

యంత్రమునకు ఒక సంవర్గమానము కావలసినచో గంట మ్రోగించి, ఏ సంఖ్యది కావలెనో చూపును. సేవకుడు ఆ చిల్లుల అట్టను వెదకి తెచ్చి పెట్టవలెను. మనిషి గనుక తప్పు అట్టను తేవచ్చును. అందుచేత అట్టపై సంవర్గమానముతోపాటు మూలసంఖ్యయు చిల్లులతో గుర్తింపబడియుండును. యంత్రము ముందుగా ఆ మూలసంఖ్యను తా నడిగినదానితో సరిచూచును. కుదరకున్నచో పెద్ద గంట మ్రోగించి నిలిచిపోవును. సరియైన అట్ట వచ్చువరకు కదలదు. నేటి కంప్యూటరులోను ప్రోగ్రాము తనది కాని మెమరీ తావును తాకబోయిన, యంత్రమే దాని నడ్డగించి నిలుపును. విద్యుద్దీపములు ఇంకను వ్యాపింపని కాలమున, ఇత్తడి చక్రములతో, ఈ జాగ్రత్తను ఒకడు ఊహించుట ఆశ్చర్యకరము.

బాబేజి తన పెద్ద యంత్రములలో నొక్కటియు పూర్తికాక మునుపే 1871 అక్టోబరు 18న మరణించెను. 1840ల చివరలో ఆయన గీసిన రెండవ వ్యత్యాస యంత్రపు చిత్రములను లండను సైన్సు మ్యూజియమువారు పైకి తీసి, 1991లో దాని గణనభాగమును నిర్మించిరి. అది తప్పులేకుండ లెక్కించెను. విశ్లేషణ యంత్రము మాత్రము నేటికిని పూర్తిగా నిర్మింపబడలేదు.