జీవరహస్యాన్వేషి హాల్డేన్

శామీర్‌పేట చెరువుకట్ట మీద చీకటి పడేవేళ నిలబడితే, చుక్కలు ఒక్కటొక్కటిగా పొడుస్తూ కనిపిస్తాయి. అక్కడ కూడా ప్రాణులున్నాయా అనే ప్రశ్న మనలో ప్రతివారికీ ఏదో ఒకనాడు కలిగే వుంటుంది. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఈ భూమ్మీద ప్రాణం ఎట్లా పుట్టిందో తేల్చుకోవాలన్న మహనీయుడు జె.బి.ఎస్. హాల్డేన్.

ఆయన 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుమోసిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. గనుల్లోని విషవాయువులు మనిషిని ఏం చేస్తాయో తన మీదనే ప్రయోగించి చూసుకున్న ధీరుడు. కొడుక్కీ ఆ విద్యే అబ్బింది. విచిత్రమేమిటంటే, ఇంతటి శాస్త్రజ్ఞుడికి సైన్సులో డిగ్రీ లేదు! చదివింది గణితమూ, గ్రీకు లాటిన్ భాషలూను. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడుగా పోరాడి వచ్చి, కేంబ్రిడ్జిలోనూ, తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలోనూ ఆచార్యపదవులు నిర్వహించారు.

1929లో ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. ఆదిలో భూమి మీది గాలిలో ఆక్సిజన్ లేదు. సూర్యుని అతినీలలోహిత కిరణాలు నీరు, బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియాల మీద పడి సేంద్రియ పదార్థాలు తయారయ్యాయి. అవి సముద్రంలో చేరి పలుచటి వేడి చారులాగా మారాయి. ప్రాణం అందులోంచే పుట్టిందని ఆయన ఊహ. రష్యాలో ఒపారిన్ 1924లోనే ఇటువంటి ఆలోచన ప్రకటించారు. 1953లో అమెరికాలో స్టాన్లీ మిల్లర్ గాజుపాత్రలో వాయువులు నింపి, విద్యుత్తు మెరుపులు పుట్టించి, అమైనో ఆమ్లాలు రాబట్టేసరికి ఈ ఊహకు బలం చేకూరింది. నీటికి బదులు ద్రవరూప అమ్మోనియా మీద ఆధారపడిన జీవం కూడా ఉండవచ్చునని 1954లో హాల్డేన్ సూచించారు.

1957లో ఆయన స్వదేశం విడిచి, భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. ఆ నవంబరులో చంద్రగ్రహణం నాటి రాత్రి అమెరికన్ శాస్త్రజ్ఞుడు జాషువా లెడర్‌బర్గ్ ఆయనింట్లో భోజనానికి కూర్చున్నారు. ఆకాశంలో స్పుత్నిక్-2 తిరుగుతున్న రోజులవి. రష్యావాళ్లు చంద్రుడి మీద బాంబు పేల్చి విప్లవ వార్షికోత్సవం చేసుకుంటారేమో అన్న మాట వచ్చింది. ఆ మాట లెడర్‌బర్గ్‌ని వదలలేదు. మన సూక్ష్మజీవుల్ని మనమే అక్కడికి మోసుకుపోతే, తర్వాత అక్కడ దొరికింది ఎవరిదని చెప్పగలం? గ్రహాలను కలుషితం చేయరాదన్న నియమాల కోసం ఆయన పట్టుబట్టారు. 1967 అంతరిక్ష ఒప్పందంలో ఆ నియమానికి చోటు దొరికింది.

ఈ జాగ్రత్త మన ముంగిటి విషయం కూడా. నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, ఈసీఐఎల్ దగ్గరి బెలూన్ కేంద్రం నుంచి 2005 ఏప్రిల్‌లో ఒక బెలూన్ లేచి 41 కిలోమీటర్ల ఎత్తుదాకా గాలి నమూనాలు పట్టి తెచ్చింది. వాటిలో మూడు కొత్త బాక్టీరియా జాతులు బయటపడినట్టు 2009లో ఇస్రో ప్రకటించింది. అయితే అవి పైలోకం నుంచే వచ్చాయని మాత్రం అనలేదు. అదండీ శాస్త్రజ్ఞుల నిగ్రహం!

హాల్డేన్ భారత పౌరసత్వం తీసుకున్నారు. ఆంధ్రదేశం నుంచి వెళ్లిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై జన్యుశాస్త్రంలో కృషి చేశారు. 1962లో హాల్డేన్ భువనేశ్వర్ చేరారు. 1963లో అమెరికాలోని ఫ్లోరిడా సభలో ఒపారిన్‌ను మొట్టమొదటిసారి కలుసుకుని, ముందు చెప్పిన గౌరవం ఆయనదేనని నిండు మనసుతో ఒప్పుకున్నారు. కొద్ది కాలానికే కాన్సర్ బయటపడింది. దాన్ని కూడా నవ్వుతూ కవిత్వంలో పెట్టిన గుండె ఆయనది. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

చితి వద్దన్నారు, సమాధీ వద్దన్నారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకు రాసిచ్చారు. ప్రాణం ఎట్లా మొదలైందని జన్మంతా అడిగిన మనిషి, అది పోయిన తర్వాత కూడా తెలుగు పిల్లలకు పాఠమై నిలిచారు. విద్యార్థి మిత్రులారా, రేపు మీరు టెలిస్కోపు పట్టినా, సూక్ష్మదర్శిని పట్టినా, తెలిసినంతే చెప్పే ధైర్యమూ, ఉన్నదంతా ఇచ్చే మనసూ ఆయన దగ్గర నేర్చుకోండి.