ఎర్రకోట బోనులో ఒక తెలుగువాడు

గాంధీజీ హత్యకేసు గురించి సంచికకి వ్యాసం ఇస్తానంటే, గాడ్సే మీదేనా మాస్టారూ అని అడిగారు మన యూనియన్ కుర్రాళ్ళు. కాదన్నాను. గాడ్సే మీద రాసినవాళ్ళు బోలెడుమంది. అదే బోనులో, అతనికి కొంచెం ఎడంగా, జరుగుతున్నదేమిటో సగం అర్థంకాక కూర్చున్న ఒక తెలుగువాడున్నాడు. పేరు శంకర్ కిష్టయ్య. కేసు చదివినవారందరికీ ఈ పేరు తెలుసు. పేరు దాటి ముందుకు వెళ్ళినవాళ్ళే తక్కువ.

షోలాపూరు మరాఠాదేశంలో ఉందన్నమాటే గాని, మగ్గాల కోసం, మిల్లుల కోసం వలసపోయిన మనవాళ్ళు అక్కడ వేలకి వేలు. కిష్టయ్య ఆ ప్రాంతంవాడే. తండ్రి వడ్రంగి. పిల్లవాడు బడి మొహం చూడలేదు. ఆ పనీ ఈ పనీ చేసి, రిక్షా లాగి, చివరికి పూనాలో దిగంబర్ బడ్గే దగ్గర నౌకరుగా కుదిరాడు. బడ్గే కొట్టు పేరు శస్త్ర భాండార్. పైకి కత్తులూ బాకులూ, చాటుగా తుపాకులూ మందుగుండూ. కిష్టయ్యకి జీతం నెలకి 30 రూపాయలు. అదీ సక్రమంగా చేతికొచ్చేది కాదు. ఒకసారి విసిగి పారిపోయాడు కూడా. గతిలేక మళ్ళీ ఆ గుమ్మంలోకే వచ్చాడు.

మా తాతగారింట్లో ఒక పాలేరు ఉండేవాడు. అర్ధరాత్రి లేపి ఏటిగట్టున గొయ్యి తియ్యమన్నా తీసేవాడు గాని, ఎందుకండీ అని అడిగి ఎరగడు. కిష్టయ్య కథ చదివినప్పుడల్లా నాకు ఆ మనిషే కళ్ళకి కడతాడు.

1948 జనవరి 20. పొద్దున్న ఢిల్లీలో హిందూ మహాసభ భవనం వెనక అడవిలో రివాల్వర్లు పరీక్షించారు. ఒకటి సరిగా పనిచెయ్యలేదు, రెండోదాని గుండు గురిదాకా పోలేదు. సాయంత్రం బిర్లా భవన్‌లో ప్రార్థన జరిగే చోటికి వెనకనున్న నౌకరు గదిలోంచి, కిటికీ గుండా బడ్గే కాల్చాలని ఏర్పాటు. తీరా అక్కడికి వెళ్ళేసరికి ఆ గది ముందు ఒంటికన్నువాడొకడు కూర్చుని ఉన్నాడు. బడ్గేకి గుండె జారింది. లోపలికి వెళ్ళనన్నాడు. తనదీ కిష్టయ్యదీ రెండు రివాల్వర్లూ తువాల్లో చుట్టి టాక్సీలో పెట్టేశాడు. చేతిబాంబు మాత్రం కిష్టయ్య దగ్గరే ఉంది. నేను చెప్పిందాకా బయటికి తియ్యకు అని యజమాని ఆజ్ఞ. మదన్‌లాల్ గోడ దగ్గర మందు పేల్చాడు, పట్టుబడ్డాడు. బడ్గే ఏమీ చెప్పలేదు. కిష్టయ్య ఏమీ చెయ్యలేదు. ఇద్దరూ టాంగా ఎక్కి భవనానికి పోయారు. మిగిలిన సామగ్రి పాతిపెట్టమంటే కిష్టయ్య భవనం వెనక పాతిపెట్టాడు. ఆ రాత్రే పూనా రైలు.

పది రోజులకి గాడ్సే పని పూర్తిచేశాడు. జనవరి 31న బడ్గే దొరికాడు, ఫిబ్రవరి మొదటివారంలో కిష్టయ్య. బాంబులు పాతిన చోటు పోలీసులకి అతనే చూపించాడు.

విచారణ ఎర్రకోటలో, ఆత్మచరణ్ గారి ప్రత్యేక కోర్టులో. ప్రాసిక్యూషన్ సాక్షులే 149 మంది. హిందుస్తానీ, మరాఠీ దుబాసీలతోబాటు తెలుగు దుబాసీ కూడా కావలసి వచ్చింది. అది కిష్టయ్య కోసమే. దేశమంతా చెవులొగ్గి విన్న ఆ కేసులో మన భాష వినపడిందీ అంటే, అక్షరంముక్క రాని ఈ ఒక్కడి పుణ్యమా అనే.

ఇక్కడే నాకు మింగుడుపడని సంగతి ఉంది. ఆయుధాలు అమ్మినవాడు, ఆజ్ఞ ఇచ్చినవాడు బడ్గే. అతను అప్రూవరై క్షమాభిక్ష పొందాడు. 1949 ఫిబ్రవరి 10న తీర్పు వచ్చేసరికి, మోసినవాడూ పాతినవాడూ అయిన కిష్టయ్యకి యావజ్జీవ ద్వీపాంతరవాసం పడింది. జడ్జిగారికే మనసొప్పక, దాన్ని ఏడేళ్ళకి తగ్గించమని సిఫారసు చేశారు. చట్టం మాటేమోగాని, మన ఊళ్ళో రచ్చబండ దగ్గర ఈ తీర్పు చెబితే ముసలివాళ్ళు ఒప్పుకుంటారా?

అలాగని అతన్ని నేను పూర్తిగా కడిగెయ్యలేను. బడ్గే సాక్ష్యం నిజమైతే, గాంధీ అనే ముసలాయన్ని తుదముట్టించాలని కిష్టయ్యకి ముందే చెప్పారు. బడ్గే ఆ సాయంత్రం సైగ చేసి ఉంటే బాంబు విసిరేవాడనే నా అనుమానం. మా తాతగారి పాలేరైనా విసిరేవాడేమో. ఆ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

సిమ్లాలో పీటర్‌హాఫ్ భవనంలో అప్పీలు విన్న ముగ్గురు న్యాయమూర్తులు భండారీ, అచ్ఛ్రూరామ్, ఖోస్లా. కిష్టయ్య యజమాని చెప్పింది చేసిన నౌకరే తప్ప కుట్రలో భాగస్వామి అని రుజువు కాలేదని వాళ్ళు తేల్చారు. 1949 జూన్‌లో కిష్టయ్య, గ్వాలియర్ డాక్టరు పర్చురే నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆ నవంబరు 15న అంబాలా జైల్లో గాడ్సేనూ ఆప్టేనూ ఉరితీశారు. అప్పటికి అయిదు నెలలుగా కిష్టయ్య బయటే ఉన్నాడు. అతనికంటే ముందునుంచీ స్వేచ్ఛగా ఉన్నవాడు బడ్గే.