ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్

ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ (మే 8, 1842 - ఆగష్టు 27, 1909) డెన్మార్క్ దేశానికి చెందిన శిలీంధ్ర శాస్త్రవేత్త. ఒకే ఒక్క కణం నుండి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచి, దానితో బీరు తయారుచేసే పద్ధతిని 1883లో ప్రవేశపెట్టాడు. నేడు పొడి రూపంలోనూ ద్రవ రూపంలోనూ లభించే ఈస్ట్ రకాలకు ఈయన పరిశోధనే మూలం.

బాల్యం, విద్యాభ్యాసం

హాన్సెన్ డెన్మార్క్‌లోని రీబె పట్టణంలో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. యవ్వనంలో ఇళ్ళకు రంగులు వేసే పనిచేశాడు. తరువాత స్వయంకృషితో చదువుకొని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువు ఖర్చుల కోసం కథలు, నవలలు వ్రాశాడు. శిలీంధ్రాలపై వ్రాసిన వ్యాసానికి 1876లో బంగారు పతకం లభించింది. అదే సంవత్సరం, ఛార్లెస్ డార్విన్ బీగిల్ నౌకాయాత్ర గ్రంథాన్ని ఆల్‌ఫ్రెడ్ యోర్గెన్‌సెన్‌తో కలిసి డేనిష్ భాషలోకి అనువదించాడు. బీరులో ఉండే సూక్ష్మజీవులపై పరిశోధనకు 1879లో డాక్టరేటు పొందాడు. ఆ ఏడాదే కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో శరీరధర్మ విభాగానికి అధిపతియై, మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు.

స్వచ్ఛమైన ఈస్ట్

ఆ రోజులలో ఒక విడత బీరు పులిసిన తరువాత అడుగున మిగిలిన ఈస్ట్‌నే తరువాతి విడతకు వాడేవారు. కార్ల్స్‌బెర్గ్ స్థాపకుడు జె.సి. జాకబ్‌సన్ 1845లో మ్యూనిక్ నుండి తెచ్చిన ఈస్ట్ అలాగే తరతరాలుగా వాడుకలో ఉండేది. అయితే అప్పుడప్పుడు బీరు చేదెక్కి, మడ్డిగా మారి పాడయ్యేది. బీరు చెడడానికి బాక్టీరియా కారణమని లూయీ పాశ్చర్ 1876లో వివరించాడు. బాక్టీరియా లేకపోయినా, గాలి ద్వారా వచ్చి చేరే అడవి ఈస్ట్‌ల వలన కూడా బీరు చెడుతుందని హాన్సెన్ నిరూపించాడు. ఇవి వేసవిలో పండ్లపైనా, చలికాలంలో మట్టిలోనూ జీవిస్తాయని ఆయన అంతకుముందే గమనించాడు.

మంచి ఈస్ట్‌ను వేరుచేయడానికి హాన్సెన్ ఒక ఉపాయం కనుగొన్నాడు. ఈస్ట్‌ను నీటితో ఎంతగానో పలుచన చేసి, కొద్దికొద్దిగా అనేక సీసాలలో వేసేవాడు. కొన్ని సీసాలలో ఏమీ పెరిగేది కాదు. ఒకే మచ్చగా పెరిగిన సీసాలో ఒకే కణం పడిందని నిర్ణయించి, దానినే వృద్ధి చేసేవాడు. జాకబ్‌సన్ మొదట సందేహించినా, 1883 నవంబరులో ఈ ఈస్ట్‌తో తయారైన బీరు బాగుండటంతో కర్మాగారమంతటా దీనినే వాడసాగారు. ప్రయోగశాల ఫలితాలను రహస్యంగా ఉంచరాదన్న నియమం ప్రకారం జాకబ్‌సన్ ఈ ఈస్ట్‌ను ఇతర తయారీదారులకు కూడా ఉచితంగా పంపించాడు.

ఈ ఈస్ట్‌కు 1908లో హాన్సెన్ శాకరోమైసిస్ కార్ల్స్‌బెర్గెన్సిస్ అని పేరుపెట్టాడు. నేడు దీనిని శాకరోమైసిస్ పాస్టోరియానస్ అంటారు. ఇది రెండు ఈస్ట్ జాతుల సంకరమని తరువాత తేలింది.

నేటి ప్రాధాన్యత

ఇంట్లో బీరు తయారుచేసుకొనేవారికి నేడు పొడి ఈస్ట్, ద్రవ ఈస్ట్ రెండూ దొరుకుతాయి. పొడి ఈస్ట్ చవక, ఎక్కువకాలం నిలువ ఉంటుంది. సుమారు 11 గ్రాముల పొట్లం 20 లీటర్ల సాధారణ ఏల్ బీరుకు సరిపోతుంది. చల్లగా పులిసే లాగర్ బీరుకు ఇంచుమించు రెండింతలు కావాలి. ద్రవ ఈస్ట్‌లో రకాలు ఎక్కువ, కాబట్టి ప్రత్యేకమైన రుచి కోరేవారు దానిని ఎంచుకుంటారు. కానీ దానిని శీతలయంత్రంలో ఉంచాలి. నెలలు గడిచేకొద్దీ అందులో బ్రతికి ఉన్న కణాలు తగ్గుతాయి గనుక, ముందుగా కొద్దిపాటి మాల్ట్ ద్రవంలో పెంచి వాడటం మంచిది. ఏది ఎంచుకున్నా అడవి ఈస్ట్ చేరకుండా పాత్రలను శుభ్రంగా ఉంచడం, తగినన్ని సజీవ కణాలు వేయడం ముఖ్యం. ఇందులో మొదటిది హాన్సెన్ పరిశోధన నేర్పిన పాఠమే.

మరణం

హాన్సెన్ ఆగష్టు 27, 1909న మరణించాడు. కార్ల్స్‌బెర్గ్ నేలమాళిగలో 2013లో దొరికిన ఒక పాత బీరు సీసాలో 1883 నాటి ఈస్ట్ కణాలు సజీవంగా కనిపించాయి. వాటిని పెంచి 2016లో తిరిగి బీరు తయారుచేశారు.