సభ గెలిచిన కవి – గుర్రం జాషువ

పలనాటి సీమలో సమతకు సంబంధించిన కథలకు కొదువ లేదు. పన్నెండవ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి భోజనం పెట్టించాడనీ, మాలకులంలో పుట్టిన కన్నమదాసును సేనానాయకుని చేశాడనీ అక్కడి వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తున్నారు. కార్తీక అమావాస్యనాడు కారెంపూడిలో ఆరంభమయ్యే వీరారాధనోత్సవాలలో ఆ చాపకూడు నేటికీ ఒక ముఖ్య ఘట్టం. అటువంటి సీమలోనే, ఏడువందల ఏండ్లు గడిచిన తర్వాత, ఒక యువకుడు నిండు సాహిత్య సభలో పద్యాలు చదివినందుకు కులం పేరిట అవమానం పొందాడు. కాలాంతరంలో తెలుగునాట ఏ సభ జరిగినా ఆ యువకుని పద్యం వినిపించక తప్పని స్థితి ఏర్పడింది. ఆయనే కవికోకిల గుర్రం జాషువ.

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించాడు. సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ కనుక వినుకొండ అయిందని స్థలపురాణం. జాషువ పుట్టేనాటికి ఆ ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడగా అందులో చేరింది. 2022లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఇప్పుడు భాగంగా ఉన్నది. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ కులస్థురాలు. ఇరువురూ క్రైస్తవాన్ని స్వీకరించినవారు. ఇన్ని కలయికలు గల ఇంట పుట్టిన బాలుడిని లోకం మాత్రం ఒక్క దృష్టితోనే చూసింది. బడిలో అడుగుపెట్టేవరకు అతనికి తాను ఇతరులకంటె వేరు అన్న సంగతి తెలియదు. బడిలో చేరిన తర్వాత ప్రతిదినమూ ఆ సంగతి తెలియజెప్పేవారే ఎదురయ్యారు.

చిన్ననాటినుండి జాషువకు బొమ్మలు గీయడం, పాటలు పాడడం అభిరుచులు. ఆయన బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి కూడా తర్వాత కవిగా పేరుపొందినవాడే. వీరిద్దరి చెలిమి వలన జాషువకు పద్యరచనపై మనసు నిలిచింది. ఇరువురూ జంటకవులుగా కవిత్వం చెప్పాలని సంకల్పించారనీ, రెండు పేర్లను ఎటు కలిపినా జంటపేరు సొంపుగా కుదరక ఆ సంకల్పాన్ని విరమించుకున్నారనీ చెబుతారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద జాషువ మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. వర్ణభేదం బలంగా ఉన్న ఆ రోజులలో ఒక బ్రాహ్మణ పండితుడు ఆయనకు కాళిదాసును బోధించడం సామాన్య విషయం కాదు. వెలివేసిన చేతులతోపాటు చేరదీసిన చేతులు కూడ జాషువ జీవితంలో ఉన్నాయన్నది మరువరాదు.

ఆ కాలపు పల్లెపట్టణాలలో సాహిత్యం పుస్తకాలలో కంటె సభలలోనే ఎక్కువగా వర్ధిల్లింది. అవధానం జరుగుతున్నదంటే చుట్టుపట్ల ఊళ్ళ నుండి బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఎనిమిదిమంది పృచ్ఛకులు సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి మొదలైన చిక్కులతో చుట్టుముట్టగా, వాటన్నిటినీ ధారణలో నిలుపుకొని పద్యాలతో సమాధానం చెప్పడం అష్టావధానం. నరసరావుపేట సమీపంలోని కొప్పరం గ్రామంలో పుట్టిన కొప్పరపు సోదరకవులు ఈ విద్యలో ఆంధ్రదేశమంతటా ప్రఖ్యాతులైనారు. కాబట్టి పలనాటి యువకులకు అవధాన వేదిక అంటే నేటి యువకులకు క్రీడారంగం వంటిది. అక్కడ ఒక పద్యం చదివి మెప్పు పొందితే ఊరంతా పేరు మారుమ్రోగేది.

వినుకొండలో అటువంటి అవధాన సభ ఒకటి జరిగినప్పుడు యువకుడైన జాషువ తాను రచించిన పద్యాలను చదివాడు. పద్యాలు బాగున్నవా లేవా అన్న విచారణ జరుగలేదు. తక్కువ కులంవానిని సభలోనికి ఎందుకు రానిచ్చారని కొందరు కోపించి అవమానించారు. కవిత్వాన్ని వినడానికి వచ్చినవారే కవిని వెళ్ళగొట్టజూచిన ఈ విపరీత సన్నివేశం ఆయన హృదయంలో చెరగని ముద్ర వేసింది. మరొకప్రక్క, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణకథలను కావ్యాలుగా రచిస్తున్నాడని క్రైస్తవ సమాజంలోని పెద్దలు ఆయనను నిరసించారు. ఆయన కుటుంబాన్ని సమాజం నుండి వెలివేయడం దాకా ఆ నిరసన వెళ్ళింది. ఇరువైపులా తలుపులు మూసుకొనిపోగా, ఆయన క్రమంగా హేతువాదం వైపు మొగ్గాడు. అయినను పురాణాలను విడువలేదు. తర్వాతి కాలంలో క్రీస్తు జీవితాన్ని కావ్యంగా రచించడమూ మానలేదు. కథ ఏ మతానిదైనా అందులోని కరుణ తనదని ఆయన భావించినట్లు ఆయన రచనలు చదివినవారికి తోస్తుంది.

1910లో జాషువకు మేరీతో వివాహమైంది. మిషనరీ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం మీద కొంతకాలం పనిచేశాడు. ఆ కొలువు పోగా బ్రతుకుతెరువు వెదకుకొంటూ రాజమహేంద్రవరం చేరాడు. 1915, 1916 సంవత్సరాలలో అక్కడ ఆయన చేసిన ఉద్యోగం నేటి విద్యార్థికి వింతగా తోచవచ్చు. అవి మూగచిత్రాల రోజులు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో గాని రాలేదు. తెరమీద బొమ్మలు కదులుతుండగా, ప్రక్కన నిలిచి కథనూ సంభాషణలనూ ప్రేక్షకులకు వినిపించే వాచకుడు ఉండేవాడు. జాషువ చేసిన పని అదే. రాజుకు ఒక గొంతు, రాణికి ఒక గొంతు, దుష్టునికి ఒక గొంతు. అంతయు ఒక్కని గొంతే. వినేవాడు విసుగు చెందితే వెంటనే ఈల వేసే జనం ఎదుట నిలిచి, ఏ మాట ఎక్కడ ఆపాలో, ఏ మాట ఎక్కడ ఎత్తాలో ఆయన అభ్యసించాడు. జాషువ పద్యంలో సమాసాలున్నా అర్థం తడబడకపోవడానికీ, పైకి చదివినప్పుడు దాని అందం ఇనుమడించడానికీ ఈ అనుభవం కొంత తోడ్పడి ఉండాలి. విమర్శకులు ఈ రెండు సంవత్సరాలను ఒక్క వాక్యంతో దాటవేస్తుంటారు, అది తగదు.

తర్వాత గుంటూరు ఆయనకు స్థిరనివాసమైంది. లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో పది సంవత్సరాలు పనిచేశాడు. ఉభయభాషాప్రవీణుడై, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా ఉన్నాడు. ఈ కాలంలోనే ఆయన ఖండకావ్యాలు వెలువడ్డాయి. గిజిగాడు, సాలీడు, శిశువు, అనాథ వంటి చిన్న వస్తువులను తీసుకొని పెద్ద కావ్యానికి చాలినంత భావాన్ని వాటిలో నిలపడం ఆయన ప్రత్యేకత. 1932లో వెలువడిన ఫిరదౌసి కావ్యంలో, పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాటయిచ్చి తప్పిన గజనీ సుల్తాను కథను తీసుకొన్నాడు. రాజసభలో వంచితుడైన పారశీక కవి దుఃఖాన్ని వర్ణించేటప్పుడు వినుకొండ సభ జాషువ మనస్సులో మెదలకుండ ఉంటుందా?

జాషువ నాటకాలు కూడ రచించాడు. అయితే రంగస్థలం మీద ఆయనకు చిరస్థానం కల్పించినవి నాటకం కోసం రాసిన పద్యాలు కావు. శ్మశానవాటి అనే ఖండికలోని పద్యాలు అవి. ఈ సంగతిని కొంచెం వివరంగా తెలుసుకోవడం అవసరం.

గుంటూరు ప్రాంతానికే చెందిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1912లో సత్యహరిశ్చంద్రీయ నాటకాన్ని రచించాడు. హార్మోనియం శ్రుతిలో రాగయుక్తంగా పద్యాలు పాడే నటులవలన ఆ నాటకం ఊరూరా ప్రదర్శితమైంది. రాజ్యాన్ని, ఆలుబిడ్డలను కోల్పోయిన హరిశ్చంద్రుడు వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరిగా నిలిచే ఘట్టం దానికి ప్రాణం. జనం దానిని కాటిసీను అని పిలుచుకొంటారు. ఆ సీనులో నటులు జాషువ పద్యాలను చేర్చి పాడసాగారు. కవుల కలాలు, చిత్రకారుల కుంచెలు, రాజుల ముద్రికలు, లేత ఇల్లాండ్ర నల్లపూసలు, అన్నీ ఆ బూడిదలో కలిసిన తీరును ఆ పద్యాలు వర్ణిస్తాయి. అంటరానితనం అడుగుపెట్టలేని చోటు అదొక్కటేనని కవి అక్కడ సూచిస్తాడు. సూర్యవంశపు చక్రవర్తి, చండాలుని సేవకుడై నిలిచి ఈ పద్యాలను పాడుతున్నాడు. నాటకకర్త కల్పించిన సన్నివేశానికీ, ఎక్కడో వేరుగా పుట్టిన ఈ పద్యాలకూ ఇంతటి పొంతన కుదరడం సాహిత్యచరిత్రలో అరుదు. ఒకరి నాటకంలో వేరొకరి పద్యాలను చేర్చడం శాస్త్రరీత్యా సమంజసం కాదని పండితులు అనవచ్చు. కాని ప్రేక్షకులు మెచ్చిన పద్యాన్ని రంగస్థలం నుండి దింపడం ఏ శాస్త్రానికి సాధ్యం?

దీని ఫలితం గమనింపదగినది. పుస్తకం కొని చదవగలిగినవారు కొందరే ఉన్న ఆ రోజులలో, అక్షరం రాని రైతుకూలీలు కూడ తెల్లవార్లూ నాటకం చూచి ఈ పద్యాలను కంఠస్థం చేశారు. బండారు రామారావు, డి.వి. సుబ్బారావు వంటి నటులు హరిశ్చంద్ర పాత్రలో ప్రఖ్యాతులైనారు. కాటిసీనులో పద్యం ముగియగానే జనం వన్స్‌మోర్ అని కేకలు వేయడం, నటుడు రాగాన్ని మరికొంత సాగదీసి తిరిగి పాడడం పరిపాటి. పాఠశాలల, కళాశాలల వార్షికోత్సవాలలోనూ ఏకపాత్రాభినయానికి విద్యార్థులు తరచుగా ఎన్నుకొనే ఘట్టాలలో ఇది ఒకటి. నల్లని కంబళి, చేతిలో ఒక కర్ర ఉంటే చాలు. తక్కిన భారమంతా పద్యం మోస్తుంది.

1941లో గబ్బిలం వెలువడింది. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే, జాషువ గబ్బిలాన్ని పంపాడు. బాల్యంలో చదివిన మేఘసందేశం ముప్పది ఏండ్ల తర్వాత ఈ రూపం ధరించింది. ఒక నిరుపేద అస్పృశ్యుడు తన గోడును కాశీవిశ్వనాథునికి విన్నవించుకోవాలి. తనకు గుడిలోనికి ప్రవేశం లేదు. గబ్బిలం మాత్రం గర్భగుడిలోనే తలక్రిందుగా వ్రేలాడుతుంది. దానిని ఎవరూ అడ్డగించరు. అందుకే అది అతనికి తగిన దూత. అపశకునమని జనం చీదరించుకొనే ప్రాణిని కావ్యంలోనికి తేవడంలోనే ఒక తిరుగుబాటు ఉన్నది. అయితే జాషువ ఛందస్సును విడువలేదు. తనను సభనుండి తరిమినవారు దేనిని తమ సొత్తుగా భావించారో, ఆ పద్యవిద్యతోనే వారికి సమాధానం చెప్పాడు. వచనకవితకు ప్రాబల్యం పెరుగుతున్న దినాలలో ఆయన పద్యాన్ని పట్టుకొని ఉండడం వెనుకబాటుతనమని అన్నవారూ లేకపోలేదు. వారు ఆ పద్యానికి ఆయన చెల్లించిన మూల్యాన్ని లెక్కింపలేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జాషువ యుద్ధప్రచారకునిగా పనిచేశాడు. ముంతాజమహలు, కాందిశీకుడు, బాపూజీ మొదలైన కావ్యాలు తర్వాత వెలువడ్డాయి. కీర్తి పెరిగిన కొద్దీ సన్మానాలు పెరిగాయి. గజారోహణం, కనకాభిషేకం జరిగాయి. వీటన్నిటిలో ఆయన మిన్నగా భావించినది వేరొకటి. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, శతావధానాలతో తెలుగుదేశాన్ని ఉర్రూతలూగించిన మహాపండితుడు, నిండుసభలో జాషువ కాలికి స్వయంగా గండపెండేరం తొడిగాడు. గండపెండేరం తొడగాలంటే వంగి పాదాన్ని తాకాలి. ఒకనాడు అవధాన సభలో ఏ శరీరాన్ని చూచి జనం ముఖం చిట్లించారో, ఆ శరీరపు పాదాన్ని అవధానులలో అగ్రగణ్యుడు తాకి తన జన్మ ధన్యమైనట్లు సంతోషించాడు.

1957 నుండి 1959 వరకు జాషువ మదరాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నాడు. తెర ప్రక్కన నిలిచి కథ చెప్పిన కంఠం, నలుబది ఏండ్లకు మళ్ళీ కనబడని శ్రోతలను చేరింది. 1960లో ఆయన కుమార్తె హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడైన లవణాన్ని వివాహమాడింది. కులాంతర వివాహాన్ని కావ్యాలలో సమర్థించినవాడు ఇంటిలోనూ సమర్థించాడు. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యత్వం, అదే సంవత్సరం క్రీస్తుచరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించాయి. 1970లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదునూ, భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారాన్నీ ప్రదానం చేశాయి. తన జీవితాన్ని నా కథ అనే పేరుతో పద్యాలలోనే రచించుకొన్నాడు. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశాడు.

సత్యహరిశ్చంద్ర ప్రదర్శనలు ఆ తర్వాతా ఆగలేదు. తిరునాళ్ళలో, నాటక పరిషత్తుల పోటీలలో, గ్రామదేవతల జాతరలలో కాటిసీను వచ్చేసరికి కునికిపాట్లు పడుతున్నవారు సైతం లేచి కూర్చుంటారు. ఆ పద్యాలు బలిజేపల్లివారివేనని నమ్మేవారు ప్రేక్షకులలో నేటికీ అనేకులున్నారు.