యుద్ధభూమిలో మేడమ్ క్యూరీ

రేడియంను కనుగొన్న శాస్త్రవేత్తగా మేడమ్ క్యూరీ లోకానికి సుపరిచితురాలు. అయితే మొదటి ప్రపంచయుద్ధం జరిగిన నాలుగేళ్లు ఆమె ఎలా గడిపిందో తెలిసినవారు తక్కువ. ఆ కాలంలో ఆమె పరిశోధన దాదాపుగా నిలిచిపోయింది.

ఆమె అసలు పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. 1867 నవంబరు 7న వార్సా నగరంలో జన్మించింది. అప్పటికి పోలండు అనే రాజ్యం ప్రపంచపటంలో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు 1795 నాటికే దానిని సంపూర్ణంగా పంచుకొన్నాయి. వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. పాఠశాలలో మాతృభాషలో చదువుకోవడం కూడా నేరమే. తండ్రి గణిత, భౌతిక శాస్త్రాల ఉపాధ్యాయుడు. తల్లి క్షయవ్యాధితో మరణించే నాటికి మరియాకు పదేళ్లు. అక్కడి విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేనందున, ఆమె సంపన్నుల ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పి, ఆ సంపాదనతో పారిస్‌లో అక్క వైద్యవిద్యకు తోడ్పడింది. 1891లో తానూ పారిస్ చేరింది. 1895లో పియరీ క్యూరీతో వివాహం, 1898లో పొలోనియం, రేడియంల ఆవిష్కరణ, 1903లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి, 1906లో భర్త దుర్మరణం, 1911లో రసాయనశాస్త్రంలో మరొక నోబెల్ బహుమతి వరుసగా సంభవించాయి. ఆమె చిరకాలం ఎదురుచూసిన రేడియం పరిశోధనాలయ భవనం 1914 వేసవిలో సిద్ధమయింది. సరిగ్గా అప్పుడే యుద్ధం వచ్చిపడింది.

1914 జూన్ 28న సారయేవో నగరంలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ దంపతులు హత్యకు గురయ్యారు. ఒక హత్య ఇన్ని దేశాలను రణరంగానికి ఈడ్చిందంటే, అది ఎండిన గడ్డివాముపై పడిన నిప్పురవ్వ కనుకనే. బాల్కన్ ప్రాంతంలో ఆధిపత్యం కోసం ఆస్ట్రియా, రష్యాల మధ్య పోటీ ఉన్నది. 1871లో జర్మనీకి కోల్పోయిన అల్సేస్, లొరేన్‌లను ఫ్రాన్సు మరువలేదు. నౌకాబలంలో జర్మనీ, బ్రిటన్‌లు పంతానికి పోయాయి. వలసలకోసం వివాదాలు నడిచాయి. వీటన్నిటికీ తోడు, ఒకరు కదిలితే మరొకరు కదలవలసిన సైనిక ఒప్పందాలు. ఆస్ట్రియా జూలై 28న సెర్బియాపై యుద్ధం ప్రకటించగా, వారం తిరిగేసరికి ఐరోపాలోని పెద్ద రాజ్యాలు చాలావరకు రంగంలోకి దిగాయి. పోలండును పంచుకొన్న మూడు సామ్రాజ్యాలు ఇప్పుడు రెండు పక్షాలుగా చీలాయి. వాటి సైన్యాలలో చేరక తప్పని పోలిష్ యువకులు సోదరులపైనే తుపాకి ఎక్కుపెట్టవలసి వచ్చింది.

ఆ సమయంలో క్యూరీ కుమార్తెలు ఐరీన్, ఈవ్ బ్రిటనీ తీరంలోని ఒక పల్లెలో ఉన్నారు. ఊరివారిలో కొందరు ఐరీన్‌ను జర్మన్ గూఢచారిగా అనుమానించారు. విదేశీ నామం వినబడితే చాలు, భయపడే రోజులవి. పారిస్ ప్రయోగశాలలోని పురుషులను సైన్యం పిలుచుకొనగా, గుండెజబ్బు ఉన్న ఒక మెకానిక్ మాత్రం మిగిలాడు. శత్రువు సమీపించడంతో సెప్టెంబరు ఆరంభంలో ప్రభుత్వం బోర్డో నగరానికి తరలిపోయింది. క్యూరీ తన వద్దనున్న ఒక గ్రాము రేడియంను బరువైన సీసపు పెట్టెలో ఉంచి, రైలులో బోర్డోకు చేర్చి, బ్యాంకులో భద్రపరచింది. అందరూ పారిస్ విడిచి పోతూ ఉంటే ఆమె మాత్రం సైనికుల రైలులో తిరిగి పారిస్ చేరుకొన్నది.

గాయపడిన సైనికుని శరీరంలో తూటా ఎక్కడ ఉన్నదో తెలియక వైద్యులు గాయాన్ని వెదకి వెదకి కోయవలసి వచ్చేది. ఎక్స్‌కిరణాలు 1895లోనే వెలుగుచూసినా, ఆ యంత్రాలు పెద్ద నగరాల ఆసుపత్రులకే పరిమితం. క్షతగాత్రులను అంతదూరం తరలించేలోగా ఎందరో ప్రాణాలు విడిచేవారు. రోగి యంత్రం వద్దకు రాలేనప్పుడు యంత్రమే రోగి వద్దకు పోవాలని ఆమె భావించింది. దాతల నుండి మోటారు వాహనాలు సేకరించి, ఇంజను శక్తితో తిరిగే డైనమోను అమర్చి, ఎక్స్‌రే పరికరాలను వాటిలో చేర్చింది. ఇటువంటి వాహనాలు సుమారు ఇరవై సిద్ధమయ్యాయి. సైనికులు వాటిని చిన్న క్యూరీలు అని పిలుచుకొన్నారు. ఇవిగాక ఆసుపత్రులలో సుమారు రెండువందల ఎక్స్‌రే గదులు వెలిశాయి. పది లక్షలకు మించిన క్షతగాత్రులకు వీటిలో పరీక్షలు జరిగాయని అంచనా. నలభైయేడేళ్ల వయస్సులో ఆమె శరీరనిర్మాణశాస్త్రం చదివింది, తరువాత కారు నడపడం నేర్చింది. ఒకసారి కారు బోల్తాపడి గాయపడినా, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

పారిస్‌లో సామాన్య జీవితం నానాటికీ దుర్భరమయింది. స్త్రీలు ఫిరంగిగుండ్ల కర్మాగారాలలోనూ, ట్రాములలోనూ పనికి కుదిరారు. శీతకాలంలో బొగ్గు కరవయింది. 1918లో మనిషికి రోజుకు 300 గ్రాముల రొట్టె మాత్రమే లభించింది. ఆ ఏడాది మార్చిలో 120 కిలోమీటర్ల దూరం నుండి జర్మన్ ఫిరంగి నగరంపై గుండ్లు కురిపించింది. క్యూరీ తన నోబెల్ బహుమతి ధనాన్ని యుద్ధ రుణపత్రాలలో పెట్టి పోగొట్టుకొన్నది. బంగారు పతకాలనూ కరిగించమని ఇస్తే, బ్యాంకు అధికారి అంగీకరించలేదు. 1916 నుండి సుమారు నూటయాభైమంది స్త్రీలకు ఎక్స్‌రే పనిలో శిక్షణ ఇచ్చింది. ఐరీన్ పద్దెనిమిదేళ్లకే బెల్జియంలోని సైనిక ఆసుపత్రిలో యంత్రాన్ని ఒంటరిగా నిర్వహించింది. రక్షణ సాధనాలు ఆనాడు నామమాత్రం.

1918 నవంబరు 11న యుద్ధం ముగిసింది. దుకాణాలలో జెండాలు దొరకక, క్యూరీ మూడు రంగుల గుడ్డలు తెచ్చి కుట్టి ప్రయోగశాల కిటికీలకు కట్టింది. నూట ఇరవై మూడేళ్ల తరువాత పోలండు తిరిగి స్వతంత్రమయింది. ఎముకల మజ్జ క్షీణించి రక్తహీనతతో ఆమె 1934 జూలై 4న మరణించింది. 1995లో ఆమె భౌతికావశేషాలను పరీక్షించిన నిపుణులు, ఈ వ్యాధికి రేడియం కంటె యుద్ధకాలపు ఎక్స్‌కిరణాలే కారణమై ఉండవచ్చునని అభిప్రాయపడ్డారు. ఆ యంత్రాల వద్దనే తల్లితో పాటు పనిచేసిన ఐరీన్ 1956లో రక్త క్యాన్సరుతో కన్నుమూసింది.