నీడలేని వెలుగు

చలనచిత్రం చూసే ప్రేక్షకుడు నటుని హావభావాలను గమనిస్తాడు, సంభాషణలను ఆలకిస్తాడు, పాటలను గుర్తుంచుకొంటాడు. కాని ఆ నటుని ముఖంపై పడిన వెలుగు ఎక్కడి నుండి వచ్చిందో ఆలోచించడు. అలా ఆలోచించే అవసరమే కలుగనీయకపోవడం ఛాయాగ్రాహకుని నేర్పు. ఆ నేర్పులో భారతీయ చలనచిత్ర రంగానికి కొత్త దారి చూపిన మహనీయుడు సుబ్రత మిత్ర.

ఆయన 1930 అక్టోబరు 12న ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. విద్యార్థి దశలోనే మిత్రులతో కలిసి సైకిలుపై వెళ్ళి విదేశీ చిత్రాలను చూసేవారు. కళాశాలలో చేరేనాటికి వాస్తుశిల్పి కావాలా, ఛాయాగ్రాహకుడు కావాలా అనే ఆలోచనలో పడ్డారు. చివరకు మనసు కెమెరా వైపే మొగ్గింది. అయితే సహాయకునిగా పని దొరకలేదు. నిరాశ పడినా విజ్ఞానశాస్త్ర అధ్యయనం కొనసాగించారు.

ఆ రోజుల్లో ఫ్రెంచి దర్శకుడు జా రెన్వార్ ‘ది రివర్’ అనే చిత్రాన్ని బెంగాలులో నిర్మిస్తున్నారు. మిత్ర ఉద్యోగం కోరి వెళ్ళారు, ఫలితం లేకపోయింది. అప్పుడు తండ్రి ఆయనను వెంటబెట్టుకొని వెళ్ళగా, చిత్రీకరణను చూడడానికి మాత్రం అనుమతి లభించింది. ఆ చిన్న అనుమతినే ఆయన ఒక పాఠశాలగా మలచుకొన్నారు. ఏ దీపం ఎక్కడ నిలిపారు, నటులు ఎటు కదిలారు, కెమెరా ఎటు జరిగింది అనే వివరాలను ప్రతిరోజూ బొమ్మలు గీసి రాసుకొన్నారు. ఆ రాతలు ఎంత ఖచ్చితంగా ఉండేవంటే, ఒక దృశ్యాన్ని తిరిగి తీయవలసి వచ్చినపుడు ఛాయాగ్రాహకుడు క్లోడ్ రెన్వార్ సైతం దీపాల అమరిక కోసం వాటిని సంప్రదించారు. సత్యజిత్ రాయ్‌తోను, కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తతోను ఆయనకు స్నేహం బలపడింది ఆ రోజుల్లోనే.

1952లో రాయ్ ‘పథేర్ పాంచాలీ’ చిత్రాన్ని ప్రారంభిస్తూ ఛాయాగ్రహణ బాధ్యతను మిత్రకు అప్పగించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండేళ్ళు. అంతకు ముందు చలనచిత్ర కెమెరాను ఆయన ఒక్కసారి కూడా నడిపి ఎరుగరు. డబ్బు లేక చిత్రీకరణ పలుమార్లు ఆగిపోయింది. రాయ్ తన భార్య నగలను కుదువపెట్టవలసి వచ్చింది. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకొనగా 1955లో విడుదలైన ఆ చిత్రం ప్రపంచ ఖ్యాతి గడించింది. సితార్ వాద్యంలో ప్రవేశమున్న మిత్ర అందులోని కొంత నేపథ్య సంగీతానికి స్వయంగా సితార్ పలికించారు.

అసలైన పరీక్ష తరువాతి చిత్రమైన ‘అపరాజితో’లో ఎదురైంది. కథలోని కుటుంబం కాశీలో ఒక పాత ఇంట నివసిస్తుంది. ఆ ఇంటి ముంగిలి పైకప్పు లేని చావడి వంటిది. అక్కడికి సూర్యకిరణాలు నేరుగా చేరవు. ఆకాశమంతటి నుండి జారిన మెత్తని కాంతి మాత్రమే పరచుకొంటుంది. అందుచేత మనుషుల నీడలు నేలపై స్పష్టంగా కనిపించవు. ఆ ముంగిలిని ఆరుబయట నిర్మిస్తే వర్షాలు పాడుచేస్తాయన్న భయంతో చంద్రగుప్త దానిని స్టూడియో లోపలే కట్టాలని నిర్ణయించారు. మిత్ర దీనిని గట్టిగా వ్యతిరేకించారు. స్టూడియో దీపం చిన్నది. దాని కాంతి ఒకే దిక్కు నుండి వచ్చి పదునైన నీడను పడవేస్తుంది. దీపాల సంఖ్య పెంచితే నీడల సంఖ్యా పెరుగుతుంది. ఆకాశపు కాంతిని కృత్రిమంగా సృష్టించడం అసాధ్యమని ఆయన రాయ్‌తోను, చంద్రగుప్తతోను వాదించారు. ఆ వాదనలో ఆయన నెగ్గలేదు. సెట్టు స్టూడియోలోనే వెలసింది.

ఓడిన వాదనను ఆయన పగగా మార్చుకోలేదు. పరిష్కరింపవలసిన సమస్యగా స్వీకరించారు. ముంగిలి పైభాగాన తెల్లని వస్త్రాన్ని ఆకాశంలా పరపించి, దీపాలను క్రింద అమర్చి వాటి ముఖాలను పైకి త్రిప్పారు. కాంతి వస్త్రాన్ని తాకి, పరావర్తనం చెంది, అన్ని దిక్కులకు చెదరి మెల్లగా క్రిందికి దిగింది. ఈ పద్ధతిలో కాంతి చాలా భాగం వృథా అవుతుంది కనుక దీపాలు ఎక్కువ కావాలి. అయినా ఫలితం అబ్బురపరచింది. కాశీలో తీసిన దృశ్యాలకు, కలకత్తా స్టూడియోలో తీసిన దృశ్యాలకు మధ్య అతుకు కనిపించలేదు. 1957లో వెనిస్ చిత్రోత్సవంలో ‘అపరాజితో’ అత్యున్నత పురస్కారమైన స్వర్ణసింహాన్ని అందుకొంది. నాడు కళాదర్శకుని నిర్ణయం, ఛాయాగ్రాహకుని అభ్యంతరం ఎదురెదురుగా నిలవకపోయి ఉంటే ఆ ఆవిష్కరణ జరిగేదే కాదు.

ఆపై ‘జల్సాఘర్’, ‘అపూర్ సంసార్’, ‘చారులత’ వంటి చిత్రాలు ఆ ముగ్గురి సమష్టి కృషికి నిదర్శనాలుగా నిలిచాయి. అయితే కాలక్రమాన రాయ్ కెమెరాను స్వయంగా నడపసాగారు. పనిలో రాజీ ఎరుగని మిత్ర, 1966 నాటి ‘నాయక్’ తరువాత ఆయన చిత్రాలకు పనిచేయలేదు. అంతటి స్నేహబంధం సడలిపోవడం ఇరువురి అభిమానులకూ బాధ కలిగించిన విషయం. మిత్ర సహాయకుడైన సౌమేందు రాయ్ ఆ బాధ్యతను కొనసాగించారు.

‘షేక్స్‌పియర్ వాలా’, ‘తీస్రీ కసమ్’ మిత్ర ప్రతిభకు ఇతర తార్కాణాలు. ‘న్యూఢిల్లీ టైమ్స్’ చిత్రానికి ఆయనకు జాతీయ పురస్కారం లభించింది. భారత ప్రభుత్వం ‘పద్మశ్రీ’తో గౌరవించింది. జీవిత చరమాంకంలో కలకత్తాలోని సత్యజిత్ రాయ్ చలనచిత్ర సంస్థలో విద్యార్థులకు తన విద్యను బోధించారు. 2001 డిసెంబరులో కన్నుమూశారు.

ఒకనాడు చిత్రీకరణ స్థలంలో దూరంగా నిలబడి బొమ్మలు గీసుకొన్న యువకుడు, తుదకు యువకులకు గురువైనాడు. స్టూడియోలో అసాధ్యమని తాను వాదించిన వెలుగును తన చేతులతోనే అక్కడ సాధించి చూపడం ఆయన జీవితంలోని గొప్ప విశేషం.