కట్లు విప్పిన పరిచారిక

చచ్చుబడిన అవయవమును కదలనీయకుండుటయే చికిత్సయని వైద్యులు నమ్మిన కాలమొకటి కలదు. పోలియో సోకిన బిడ్డల చేతులకును కాళ్లకును బద్దలు కట్టి, పిండికట్లు వేసి, నెలల తరబడి శయ్యపై నుంచెడివారు. ఇందు దురుద్దేశ మేమియు లేదు. బలముగల కండరము బలహీనమైన దానిని లాగి అవయవమును వంకర చేయునని వారి భయము. ఆ పద్ధతిని ధిక్కరించి బిడ్డల కట్లు విప్పించిన యొక పల్లెటూరి పరిచారిక చరిత్రమును నేడు మా పాఠకులకు నివేదింప దలచితిమి.

ఎలిజబెత్ కెన్నీ 1880లో ఆస్ట్రేలియాలోని వారియాల్డాయందు జన్మించెను. తండ్రి ఐర్లండునుండి వలసవచ్చిన కర్షకుడు. ఆమె చదువు స్వల్పము. పరిచర్యావిద్యలో పట్టము లేదు. క్వీన్సులాండు రాష్ట్రములోని నాబీ అను పల్లెలో నుండి, చుట్టుపట్ల రైతుల యిండ్లకు పోయి రోగులకు సేవచేయుచుండెను. 1911లో కొందరు రోగుల లక్షణములు ఆమెకు అంతుపట్టలేదు. టూవూంబా పట్టణపు శస్త్రవైద్యుడు మెక్డానెల్ అది శిశుపక్షవాతమని తంతిమూలమున తెలిపెను. ఆమె ఉన్నిగుడ్డలను వేడినీట ముంచి పిండి, బిగుసుకొన్న కండరములకు కాపడము పెట్టెను. ఆమె జీవితకార్యమునకు అదియే నాంది.

మొదటి ప్రపంచయుద్ధమున 1915 మొదలు సైనికనౌకలలో పరిచర్య చేసెను. 1917లో లభించిన సిస్టర్ అను హోదాయే తుదివరకు ఆమె పేరునకు ముందు నిలిచినది. 1932లో టౌన్సువిల్ పట్టణమున చికిత్సాలయము నెలకొల్పి, పోలియో బిడ్డలనేగాక, మెదడునకు హాని కలిగి కాలుసేతులు స్వాధీనమున లేని బిడ్డలను గూడ చేర్చుకొనెను. బద్దలు తీసివేసి, వేడినీటి స్నానము చేయించి, కీళ్లను తన చేతులతో మెల్లగా కదల్చెడిది. పిమ్మట బిడ్డ మనస్సును ఆ కండరముపై నిలిపి, తానే కదల్చుటకు నేర్పెడిది. చికిత్స ఆమె చేతిలో విద్యాబోధనమైనది.

వైద్యలోకము మండిపడెను. 1935లో నియమింపబడిన రాజకీయ విచారణసంఘము, కట్లు విప్పుట ఘోరమైన తప్పిదమని 1938లో తీర్పు చెప్పెను. అయినను 1940లో క్వీన్సులాండు ప్రభుత్వపు వ్యయముతోనే ఆమె అమెరికాకు పోయెను. మినియాపొలిస్ వైద్యులు కొందరు ఆమె పనిని కన్నులార చూచి ఆదరించిరి. 1942లో ఆమె పేర చికిత్సాసంస్థ వెలసెను. 1946లో ఆమె చరిత్ర చలనచిత్రముగా వచ్చెను. 1952 నవంబరు 30వ తేదీన టూవూంబాలో కన్నుమూసెను.

ఆమె చెప్పినదంతయు సత్యమని మేము వ్రాయజాలము. వ్యాధి కండరములలోనిదని ఆమె వాదించెను. వెన్నుపాములోని నాడీకణములను పోలియో విషక్రిమి చంపుననుటయే నిజము. చచ్చిన కణమును ఏ కాపడమును బ్రతికింపదు. తమంతట కోలుకొను రోగులు గూడ కలరు. ఆమె చెప్పుకొన్న ఫలితములు నిదర్శనములను మించినవి. వాదమున ఆమె నోరును పరుషమైనది. కాని మిగిలిన బలమును అభ్యాసమున పెంపొందింపవలె నను ఆమె ఆచరణ నిలిచినది. నాడినిగూర్చి వైద్యులు సరి. బిడ్డనుగూర్చి ఆమె సరి.

భారతదేశమున ప్రకృతిసిద్ధమైన పోలియో తుది రోగి 2011 జనవరిలో కానవచ్చెను. 2014 మార్చిలో ఈ ప్రాంతము పోలియోరహితమని ప్రకటింపబడెను. అయినను మెదడునకు హాని కలిగి మెడ నిలుపలేని, అడుగు వేయలేని బిడ్డలు మన యూళ్లలో నున్నారు. వ్యాయామచికిత్స వారికి కూర్చుండుట, నిలుచుట, నడచుట అభ్యసింపజేయును. వృత్తిచికిత్స ముద్ద నోటికి తీసికొనుట, బొత్తాము పెట్టుకొనుట, బలపము పట్టుట నేర్పును. బిడ్డ పెరుగుదల ఈ చిన్న పనులతోనే ముడిపడియున్నది. పూర్ణముగా బాగుపడకపోవచ్చును, కాని ఎంత శీఘ్రముగా ఆరంభించిన అంత మేలు.

మన యిండ్లలో ఇట్టి బిడ్డకు లోపము ప్రేమ కాదు. అవ్వ అన్నము తినిపించును, అమ్మ చంకనెత్తుకొని తిరుగును, పాలేరు భుజముపై మోయును. బిడ్డకు తానుగా చేయుటకు పని మిగులదు. జాలియు నొక బద్దయే. మ్రొక్కులు చెల్లింపవచ్చును, తప్పులేదు. కాని పెద్దవాడైన పిమ్మట చూతమని వైద్యుని యొద్దకు పోక జాగుచేయుట మాత్రము తగదు. కెన్నీ విప్పిన కట్లు కంటికి కనబడునవి. కనబడనివి విప్పవలసినవారు తలిదండ్రులే.